తేనె అడవి నుంచి బెర్గెన్ రేవు దాకా: జింజర్‌బ్రెడ్ ఇళ్ల దారిలో

దక్షిణ జర్మనీలోని నూరెంబర్గ్ నగరానికి తూర్పునా దక్షిణానా విస్తరించి ఉన్న పైన్ చెట్ల అడవిని రైష్‌వాల్డ్, అంటే సామ్రాజ్యపు అడవి, అని పిలుస్తారు. డిసెంబరు నెలలో ఈ అడవి అంచు వెంబడి రైల్లో వెళ్లే యాత్రికుడికి మంచు పట్టిన కొమ్మలు తప్ప మరేమీ కనిపించకపోయినా, క్రిస్మస్ రోజుల్లో ఐరోపా ఇళ్లలో పిల్లలూ పెద్దలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని కట్టే జింజర్‌బ్రెడ్ ఇళ్ల చరిత్ర చాలావరకు ఈ చెట్ల మధ్యే మొదలయింది. జింజర్‌బ్రెడ్ అంటే తేనెతో గానీ చక్కెర పాకంతో గానీ పిండిని కలిపి, అల్లం, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, యాలకులు, ధనియాలు వంటి సుగంధ ద్రవ్యాలు దట్టించి కాల్చే రొట్టె. జర్మన్లు దీన్ని లేబ్‌కూఖెన్ అనీ, నార్వే ప్రజలు పెప్పర్‌కాకె అనీ అంటారు. చక్కెర ఐరోపాలో రాజుల భోజనాలకే పరిమితమైన మధ్యయుగాల్లో సామాన్యుడి నోటికి తీపి అందించినది ప్రధానంగా తేనే కాబట్టి, తేనె దొరికే చోటే ఈ రొట్టె పుట్టడంలో వింత లేదు.

ఈ అడవిలో చెట్టు కాండాలను ఎత్తున తొలిచి తేనెటీగలను పెంచేవారిని సైడ్లర్లు అనేవారు. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1350లో వీరికి ప్రత్యేక హక్కులు ఇచ్చాడు. వారు పాలకులకు తేనె రూపంలో పన్ను కట్టేవారు, విల్లు ధరించి అడవిలో తిరిగేవారు, తమ తగవులను ఫ్యోయిఖ్ట్ అనే ఊళ్లో కొలువుతీరిన తమ సొంత న్యాయస్థానంలోనే తీర్చుకునేవారు. నూరెంబర్గ్‌కు పక్కనే ఉన్న ఆ ఊళ్లో ఇప్పుడు వారి వృత్తికి సంబంధించిన చిన్న మ్యూజియం ఉంది. క్రిస్మస్ సంతకు వచ్చే జనంలో అక్కడిదాకా వెళ్లేవారు తక్కువ, కానీ సంతలో అమ్మే రొట్టె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారు ముందుగా చూడవలసిన చోటు అదే. తేనె ఊరి పొలిమేరలోనే దొరికితే, దాన్ని మామూలు తీపిరొట్టె కాకుండా చేసిన దినుసులు మాత్రం మన దేశం నుంచీ, ఇంకా తూర్పు దీవుల నుంచీ వెళ్లాయి. మలబారు తీరపు మిరియాలు, అల్లం, యాలకులు, సింహళపు దాల్చినచెక్క, మొలక్కా దీవుల లవంగాలు, జాజికాయలు అరబ్బు ఓడల్లో ఎర్రసముద్రం చేరి, అక్కడి నుంచి వెనిస్‌కు వస్తే, వెనిస్‌లో రియాల్టో వంతెన పక్కనున్న జర్మన్ల వర్తక భవనంలో నూరెంబర్గ్ వ్యాపారులు వాటిని కొని ఆల్ప్స్ కనుమల మీదుగా ఊరికి తెచ్చేవారు. సముద్రమార్గం తెరుచుకున్నాక ఈ వ్యాపారులే, ఇమ్‌హోఫ్, హిర్ష్‌ఫోగెల్ కుటుంబాలవారు, 1505లో అల్మైదా నాయకత్వాన మన తీరానికి బయలుదేరిన పోర్చుగీసు నౌకాదళంలో పెట్టుబడి పెట్టారు. రొట్టె కథలో ఇదంతా పిడకల వేటలా తోచవచ్చు గానీ, నూరెంబర్గ్ రొట్టెకు ఆ పేరు రావడానికి అక్కడి బేకర్ల నైపుణ్యం ఎంత కారణమో, ఒక వైపు తేనె అడవీ మరో వైపు మిరియాల బాటా కలిసే చోట ఆ ఊరు ఉండడం కూడా అంతే కారణం.

రైల్వే స్టేషను నుంచి కోనిగ్‌స్టోర్ అనే పాత కోటద్వారం దాటి, సెయింట్ లోరెన్స్ చర్చి ముందుగా నడిచి, పెగ్నిట్స్ నది మీది వంతెన దిగితే హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద బజారు వస్తుంది. క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్ అనే క్రిస్మస్ సంత ఏటా అడ్వెంట్ మొదటి ఆదివారానికి ముందటి శుక్రవారం ఇక్కడ మొదలై డిసెంబరు 24న ముగుస్తుంది. అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో లెక్కించే నిరీక్షణ కాలం. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క దుకాణాలు వరుసలు తీరి ఉంటాయి, వాటి మీదుగా ఫ్రావెన్‌కిర్షె చర్చి ముఖభాగం కనిపిస్తుంది. ఆ చర్చి గోడ మీద 1509 నాటి యాంత్రిక గడియారం ఉంది, మధ్యాహ్నం పన్నెండు గంటలకు చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు నాలుగో చార్లెస్ బొమ్మ చుట్టూ తిరుగుతాయి, జనం ఆ కాసేపూ తినడం ఆపి తలెత్తి చూస్తారు. ఆ చక్రవర్తే 1349లో ఈ బజారు చోటున ఉన్న యూదుల పేటను కూల్చడానికి అనుమతించాడనీ, ఆ హింసలో వందల మంది చనిపోయారనీ, వారి ప్రార్థనా మందిరం ఉన్న స్థలంలోనే ఈ చర్చి లేచిందనీ తెలిశాక, తేనె రైతులకు హక్కుపత్రం ఇచ్చిన ఆ చక్రవర్తిని పొగడడానికి నోరు రాదు. సంత అందాన్ని వర్ణించే యాత్రా గ్రంథాలు ఈ సంగతిని దాటవేయడం న్యాయం కాదు.

దుకాణాల్లో అమ్మే లేబ్‌కూఖెన్‌లో మేలురకాన్ని ఎలీజెన్ అంటారు. ఈ పేరు 1808 నుంచి వాడుకలో ఉంది. బాదం, హేజెల్‌నట్, అక్రోట్ పప్పులు కనీసం నాలుగోవంతు ఉండాలనీ, పిండి నూటికి పది పాళ్లు మించరాదనీ దీనికి నియమం. పిండి అంత తక్కువగా ఉన్నందువల్ల పదార్థం పొయ్యిలో చెదిరిపోకుండా, చర్చిలో ప్రసాదంగా ఇచ్చే అప్పం వంటి పలుచని పొర మీద పరిచి కాలుస్తారు. ఊరి పొలిమేర లోపల తయారైనదానికే నూరెంబర్గ్ లేబ్‌కూఖెన్ అనే పేరు చెల్లుతుందని ఐరోపా సమాఖ్య 1996లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. దానికి ఎంతో ముందునుంచే ఈ రొట్టె చుట్టూ కంచె ఉంది. 1395 నాటి పత్రాల్లోనే ఈ ఊళ్లో లేబ్‌కూఖెన్ కాల్చే వృత్తివారి ప్రస్తావన ఉండగా, 1643లో వారు ఇతర బేకర్ల నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల యుద్ధం వల్ల తేనె, దినుసులు దొరకడమే కష్టమైన కాలమది. సంఘంలో చేరనివాడు ఈ రొట్టెను కాల్చి అమ్మకూడదు; చేరాలంటే ముందు గురువు దగ్గర శిష్యరికం చేయాలి; దినుసుల పాళ్లు తండ్రి నుంచి కొడుక్కి అందే రహస్యం. సంతలోనూ మ్యూజియాలలోనూ కనిపించే చెక్క అచ్చుల్లో గుర్రపు రౌతులు, ఊయలలోని శిశువులు, రాజుల ముఖాలు ఎంత లోతుగా, ఎంత ఓపికగా చెక్కి ఉంటాయో చూస్తే ఆ వృత్తివారి గర్వం అర్థమవుతుంది.

ఇంత చరిత్ర ఉన్న ఈ మేలురకం రొట్టెతో మాత్రం ఇల్లు కట్టడం సాధ్యం కాదు. పప్పుల నూనె, తేనె దానిని మెత్తగా ఉంచుతాయి. తేనెలోని ఫ్రక్టోజు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి గోడగా నిలబెట్టిన ముక్క రెండో రోజుకే వంగుతుంది. ఇంటికి పనికొచ్చేది దాని పేద బంధువు: పిండి ఎక్కువగా, పప్పు లేకుండా, పాకంలో కలిపి గట్టిగా కాల్చే గోధుమరంగు రొట్టె. తేనెనూ చక్కెరనూ కొంచెం వెన్ననూ సన్నని మంట మీద కరిగించి, దించి, దినుసుల పొడీ గోధుమపిండీ వేసి కలిపే తీరు, ఉండపాకంలో తడి బియ్యప్పిండి పోసి అరిసెల చలిమిడి కలిపే తీరుకు చాలా దగ్గర. వేడిమీద జారుగా ఉన్న ముద్ద చల్లారేసరికి గట్టిపడుతుందనీ, అప్పటి జారు చూసి మోసపోయి పిండి ఎక్కువ పోయకూడదనీ అక్కడి పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు. ముద్దను కనీసం ఒక రాత్రి నాననిస్తారు. పాతకాలపు బేకర్లయితే వారాలు, నెలలు ఉంచేవారు.

రొట్టె పొంగడానికి ఈస్టు వాడరు. కట్టెల బూడిద నుంచి తీసే పొటాషియం కార్బొనేటును ఒకటిగానూ, ఒకప్పుడు జింక కొమ్ములను కాల్చి తీసిన, ఇప్పుడు రసాయనశాలల్లో తయారయ్యే అమ్మోనియం లవణాన్ని మరొకటిగానూ వాడతారు. మొదటిది నానిన ముద్దలో పుట్టిన ఆమ్లాలతో కలిసి రొట్టెను పక్కలకు సాగదీస్తుందనీ, రెండోది పైకి లేపుతుందనీ బేకర్లు చెబుతారు. అమ్మోనియం లవణం వేడికి పూర్తిగా వాయువుగా మారిపోతుంది గనుక పలుచని బిస్కెట్లకు మంచిదే గానీ, మందపాటి రొట్టెలో ఆ ఘాటు వాసన లోపలే చిక్కుకుంటుంది. ఇంటి గోడలకైతే ఈ రెండూ బహు తక్కువగానే వేస్తారు, ఎందుకంటే పొంగిన గోడకు అంచు తిన్నగా ఉండదు, అంచు తిన్నగా లేని గోడ పక్క గోడతో కలవదు.

ఈ రొట్టె ఇల్లుగా మారడానికి ఒక కథ కావలసి వచ్చింది. గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన జానపద కథల మొదటి సంపుటిలో, కరువు రోజుల్లో తల్లిదండ్రులు అడవిలో వదిలేసిన హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లకు తినదగిన ఇల్లు ఒకటి కనిపిస్తుంది. అందులో గోడలు రొట్టెవి, కప్పు కేకుది, కిటికీలు చక్కెరవి. జింజర్‌బ్రెడ్ ప్రస్తావన లేదు. శతాబ్దం గడిచేకొద్దీ చిత్రకారులూ, కథను తిరగరాసినవారూ ఆ ఇంటిని లేబ్‌కూఖెన్ ఇల్లుగా మార్చారు. ఈ కథనే తీసుకుని హుంపర్‌డింక్ స్వరపరచగా ఆయన చెల్లెలు ఆడెల్‌హైడ్ వెట్టె మాటలు రాసిన సంగీత నాటకం 1893 డిసెంబరు 23న వైమార్‌లో రిషర్డ్ స్ట్రౌస్ నిర్వహణలో మొదటిసారి ప్రదర్శితమయ్యాక, ఆ కథా క్రిస్మస్ పండుగా జర్మన్ల మనసులో విడదీయరానివయ్యాయి. అందులో మంత్రగత్తె ఇంటి చుట్టూ ఉన్న కంచె లేబ్‌కూఖెన్‌గా మారిపోయిన పిల్లలే, చివరికి వారంతా మళ్లీ మనుషులవుతారు. ఆకలితో పుట్టిన కథ, కడుపు నిండిన ఇళ్లలో ఆటగా మారిందన్న మాట నిజమే. అయినా ఆ మార్పులో కించపడవలసిందేమీ లేదు. వృత్తి సంఘాల గుత్తాధిపత్యం 19వ శతాబ్దంలోనే అంతరించింది, షుగర్ బీట్ దుంప నుంచి తీసిన చక్కెర చౌకయింది, ఇంటింటికీ ఇనుప పొయ్యి వచ్చింది. శిష్యరికం చేస్తే తప్ప ముట్టుకోనివ్వని ముద్దను అయిదేళ్ల పిల్ల తన చేత్తో వత్తగలిగే రోజు అలా వచ్చింది. జింజర్‌బ్రెడ్ ఇంటి అసలు గొప్పతనం దాని అందంలో కన్నా ఈ తాళం తెరుచుకోవడంలోనే ఉంది.

అడ్వెంట్ ఆదివారపు మధ్యాహ్నాల్లో ఇళ్లలోనూ చర్చి హాళ్లలోనూ ఈ ఇళ్లు కడతారు. ముందురోజే అట్టముక్కలతో మూసలు కత్తిరించి ఉంచుతారు: పొడుగు గోడలు రెండు, పైన త్రికోణం ఉన్న పక్క గోడలు రెండు, కప్పు పలకలు రెండు, పొగగొట్టానికి నాలుగు చిన్న ముక్కలు. ముద్దను చిటికెనవేలి సగం మందాన వత్తి, మూసలు పెట్టి కోసి, కిటికీలను పచ్చిగా ఉన్నప్పుడే తొలిచి, 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. కిటికీ కంతల్లో రంగు చక్కెర బిళ్లల పొడి పోసి మళ్లీ కొద్ది నిమిషాలు పొయ్యిలో పెడితే అది కరిగి అద్దంలా పరుచుకుంటుంది. పొయ్యిలోంచి తీసిన పలకలు వేడిగా ఉన్నప్పుడే మూసను మళ్లీ వాటి మీద పెట్టి అంచులు కోయడం ఈ పనిలో కీలకం; ఆ రెండు నిమిషాలు దాటితే ముక్క విరుగుతుందే గానీ తెగదు.

ఇక అతికే పని. ఒక గుడ్డు తెల్లసొనలో 200 గ్రాముల పైచిలుకు పంచదార పొడి వేసి, చెంచా ఎత్తితే కొన నిలబడేదాకా గిలక్కొడితే వచ్చే తెల్లని ముద్దే సున్నమూ సిమెంటూ. దాన్ని కోన్‌లో నింపి అంచుల వెంట గీతలా వేసి గోడలు కలుపుతారు, ఆరేదాకా లోపలా బయటా డబ్బాలు ఆనించి నిలబెడతారు. గోడలు పూర్తిగా ఆరక ముందే కప్పు వేస్తే దాని బరువుకు గోడలు విచ్చుకుంటాయి, పలకలు మెల్లగా కిందికి జారతాయి. ఏ బల్ల దగ్గర చూసినా ఒక పిల్లవాడు రెండు అరచేతులతో కప్పును పట్టుకుని, ముక్కు దురద పెట్టినా చెయ్యి తీయకుండా కూర్చుని ఉంటాడు. అనుభవం ఉన్న అమ్మమ్మలు గోడల అలంకరణ పడుకోబెట్టి ఉన్నప్పుడే చేయిస్తారు, ఎందుకంటే నిలబెట్టిన గోడ మీద వేసిన గీత కిందికి కారుతుంది. చూరు అంచుకు మంచు సూదులు వేలాడదీయడానికి కోన్‌ను ఆనించి, నొక్కి, నొక్కడం ఆపుతూ కిందికి లాగాలి. అది నాలుగైదు సార్లకు ఎవరికైనా పట్టుబడుతుంది. కప్పు మీద పెంకులకు బదులు బాదంపప్పులు పేర్చేవారున్నారు, రంగు బిళ్లలు అతికేవారున్నారు. అతికిన దానికన్నా నోట్లోకి పోయినవే ఎక్కువైనా ఎవరూ కోప్పడరు.

తెలుగు నేలకు ఈ పండుగతో జర్మన్ లూథరన్ల ద్వారా కూడా సంబంధం ఉంది. మద్రాసులో తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ జర్మనీకి తిరిగి వెళ్లాక హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ స్థాపించిన హయ్యర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే. అయినా గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ పిండివంట అరిసే గానీ లేబ్‌కూఖెన్ కాలేదు. మన వంటింట్లో పొయ్యీ బాణలీ ఉండేవి, నాలుగు వైపులా వేడి తగిలే ఓవెన్ ఉండేది కాదు. దినుసులు మనవైనా ఆ రొట్టె ఇక్కడికి తిరిగి రాకపోవడానికి అదొక్కటే పెద్ద కారణం కావచ్చు.

ఇక మళ్లీ ప్రయాణంలోకి వస్తే, నూరెంబర్గ్ నుంచి హాంబర్గ్ మీదుగా డెన్మార్క్ చివరనున్న హిర్ట్స్‌హాల్స్ రేవు చేరి, అక్కడ ఓడ ఎక్కితే నార్వే పశ్చిమ తీరాన బెర్గెన్ వస్తుంది. ఓడ రేవుకు చేరుతుండగా ముందు కనిపించేది బ్రిగ్గెన్, అంటే నీటి అంచున త్రికోణపు నొసళ్లతో ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డ చెక్క గిడ్డంగుల వరుస. జర్మన్ పట్టణాల వర్తక కూటమి అయిన హాన్సా సుమారు 1360 నుంచి ఇక్కడ స్థావరం నడిపింది. ఉత్తరాది ఎండుచేపను కొని, ధాన్యాన్నీ బట్టనూ అమ్మింది. అగ్ని భయంతో ఆ చెక్క ఇళ్లలో దీపం గానీ పొయ్యి గానీ వెలిగించనిచ్చేవారు కాదు, వంటకూ చలికాగడానికీ వెనకవైపు వేరే కట్టడాలు ఉండేవి. అంత జాగ్రత్త పడ్డా 1702లో వరుసంతా కాలిపోయింది, ఇప్పుడున్నవి ఆ తరవాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టినవి. 1979లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ఊళ్లో 1991 నుంచి ఏటా నవంబరులో పెప్పర్‌కాకెబ్యూయెన్, అంటే జింజర్‌బ్రెడ్ నగరం, వెలుస్తోంది. బాలవాడీలు, బడులు, కుటుంబాలు, వ్యాపార సంస్థలు తలా ఒక ఇల్లు కాల్చి తెచ్చి ఇస్తే, వాటన్నిటినీ ఒకేచోట కొండలూ రేవూ వీధులూ ఉన్న ఊరుగా అమర్చి, లోపల దీపాలు పెడతారు. బ్రిగ్గెన్ నొసళ్లు, చర్చి గోపురాలు, ఓడలు, కొండెక్కే ఫ్లోయెన్ రైలు అన్నీ రొట్టెతో తయారై ఉంటాయి. వాస్తుశిల్పులు కొలతలు వేసి కట్టిన భవనం పక్కనే, మూడేళ్ల పిల్లలు కట్టిన, ఒక పక్కకు ఒరిగిన ఇల్లు అదే వీధిలో అదే దీపపు వెలుగులో ఉంటుంది. దాన్ని ఎవరూ సరిచేయరు, వెనక్కి నెట్టరు. ఈ ప్రదర్శనలో మెచ్చుకోదగినది పరిమాణం కన్నా ఈ పద్ధతే. చూడవచ్చిన పిల్లలు వాస్తుశిల్పుల భవనాన్ని దాటుకుని తమ తరగతి ఇంటి కోసమే వెతుక్కుంటారు.

ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు మించి వాన పడే బెర్గెన్‌లో జింజర్‌బ్రెడ్ నిలబెట్టడం చిన్న విషయం కాదు. నార్వే ముద్దలో తేనెకు బదులు చక్కెర పాకం, వెన్న, మీగడ ఉంటాయి, అందుకే అది కరకరలాడుతూ కాలుతుంది. అతకడానికి గుడ్డు తెల్లసొన కన్నా ఎక్కువగా వాడేది కరిగించిన చక్కెర: పెనం మీద చక్కెరను తేనెరంగు వచ్చేదాకా కరిగించి, పలక అంచును అందులో ముంచి, వెంటనే పక్క గోడకు ఆనిస్తే క్షణాల్లో గట్టిపడుతుంది. వంకరగా అంటుకుంటే దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు, చర్మానికి తగిలితే తీవ్రంగా కాలుతుంది, అందువల్ల ఈ ఒక్క పనీ పెద్దలు తమ చేతిలోనే ఉంచుకుంటారు. గుడ్డు తినని తెలుగు కుటుంబాలు విదేశాల్లో ఈ ఇళ్లు కట్టదలిస్తే ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. తరవాత తెల్లని చక్కెర గీతలు, రంగు చాకొలెట్ గుండ్లు, సైగ్‌మెన్ అనే మనిషి ఆకారపు జెల్లీ మిఠాయిలు పిల్లల వంతు. పని జరుగుతున్నంతసేపూ బల్ల దగ్గర ఒక పాట వినిపిస్తుంది. తూర్‌బ్యోర్న్ ఎగ్నెర్ 1953లో వెలువరించిన హక్కెబక్కె అడవి కథలో, బేకరీ నడిపే కుందేలు తన శిష్యుడికి పెప్పర్‌కాకె పాళ్లను పాటగా నేర్పుతుంది. శిష్యుడు తికమకపడి చెంచాడు వేయవలసిన మిరియాల పొడిని కిలో వేస్తాడు. నార్వేలో పెరిగినవారిలో ఆ పాట రానివారు అరుదు. నూరెంబర్గ్ సంఘం తాళం వేసి దాచిన పాళ్లు ఇక్కడ పిల్లలందరి నోటా పాటగా తిరుగుతున్నాయి.

2009 నవంబరులో ఒక రాత్రి ఎవరో లోపలికి చొరబడి జింజర్‌బ్రెడ్ నగరాన్ని ధ్వంసం చేశారు. వందల ఇళ్లు నుజ్జయ్యాయి, చాలా వాటి మీద రంగు పడింది. బాలవాడీల పిల్లలు వారాల తరబడి చేసిన పని అది. తెల్లవారేసరికి వార్త పాకింది, ఇళ్లలో, బడుల్లో, ఆఫీసుల్లో మళ్లీ ముద్దలు కలిపారు, ఆ క్రిస్మస్ కాలంలోనే నగరం తిరిగి లేచింది. పాళ్లు కొద్దిమంది గురువుల దగ్గరే ఉండిపోయి ఉంటే అన్ని చేతులు అంత తొందరగా పనిలోకి దిగడం జరిగేది కాదు.

ప్రదర్శనలోని ఇళ్లకు దుమ్ము పడుతుంది కాబట్టి వాటిని ఎవరూ తినరు. ఇళ్లలో కట్టినవాటి సంగతి వేరు. స్వీడన్‌లో జనవరి 13న, క్నూట్ అనే పునీతుడి రోజున, క్రిస్మస్ చెట్టు మీది అలంకరణలు తీసేటప్పుడు జింజర్‌బ్రెడ్ ఇంటిని కూడా పిల్లలతో పగలగొట్టిస్తారు. నార్వే ఇళ్లలోనూ పండుగ ముగిసే రోజుల్లో అదే పని జరుగుతుంది. అప్పటికి నెల రోజులు గాలిలో ఉన్న గోడలు కొన్ని రాయిలా, కొన్ని తోలులా ఉంటాయి. తోలులా ఉన్నవి నేరుగా నోట్లోకి పోతాయి, రాయిలా ఉన్నవాటిని పెద్దలు కాఫీలో, పిల్లలు పాలలో ముంచుకుని తింటారు. అన్నిటికన్నా ముందు అయిపోయేది పొగగొట్టం, ఎందుకంటే దానికే చక్కెర ఎక్కువ పట్టి ఉంటుంది.